తెరకు కావలివాడు

మా క్వార్టర్లలో నివసించి, పదవీవిరమణ పొందిన పిమ్మటకూడ ఈ నగరమును విడువలేక దగ్గరలోనే యిల్లు తీసికొనిన పెద్దలొకరు కలరు. క్రిందటి సంవత్సరము దసరా సెలవులలో వారొక పాత నోట్‌బుక్ కంప్యూటరును చేతిసంచిలో పెట్టుకొని మా యింటికి వచ్చిరి. "బాబూ, దీనికి ఆయువు తీరిపోయిందంటున్నారు. పారేసేముందు నువ్వొక్కసారి చూసిపెట్టు" అనిరి. ఆ యంత్రము కొని పదునెనిమిది సంవత్సరములైనది. కుమార్తె వివాహపు ఛాయాచిత్రములు, పింఛను కాగితముల ప్రతులు, పరమపదించిన వారి సహధర్మచారిణి వంటయింట నిలిచి నవ్వుచు మాటలాడిన నాలుగు నిమిషముల చలనచిత్రము దానియందే యున్నవి. మరియొకచోట వానికి ప్రతులు లేవు.

దాని వ్యాధి యిట్టిది. ఎదుట కూర్చుండి పని చేయుచున్నంతసేపు బాగుగనే యుండును. కాఫీ త్రాగుటకని లేచి వెళ్ళిన పది నిమిషములకు తెరపై రంగురంగుల గొట్టములు ఒకదానితో నొకటి అల్లుకొనుట మొదలిడును. లోపలి పంకా హోరుమని తిరుగును. కొంతసేపటికి ఆ గొట్టములు ఉన్నవి ఉన్నట్లే నిలిచిపోవును. అటుపిమ్మట ఏ మీట నొక్కినను ఉలుకు పలుకు ఉండదు. విద్యుత్తు తీసివేసి మరల ప్రారంభింపవలసినదే. బాగుచేయు దుకాణదారు డొకడు మదర్ బోర్డు చెడినదనియు, క్రొత్త యంత్రము కొనుటయే మేలనియు చెప్పెనట.

నేను ఇంజనీరును గాను. లెక్కలు సరిచూచు ఉద్యోగిని. ఐనను ఆ గొట్టముల బొమ్మ ఎక్కడిదో, ఎందులకు వచ్చెనో కొంత చదివి యుంటిని. ఆ వ్యాధికి మూలము యంత్రములో కంటె చరిత్రలోనే ఎక్కువగా కలదని నాకు తోచెను. ఆ చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

స్క్రీన్ సేవర్ అనగా తెరను కాపాడునది. దేనినుండి కాపాడుట? ఈ ప్రశ్నకు సమాధానము పాతకాలపు గాజుతెరలో నున్నది. 1897వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కేథోడ్ కిరణనాళమును నిర్మించెను. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో వెనుకనుండి ఎలక్ట్రానుల ధార వచ్చి, ముందు భాగమున లోపలివైపు పూసిన ఫాస్ఫరు పూతను తాకును. తాకినచోట పూత వెలుగును. దూరదర్శన యంత్రములును, తొలినాటి కంప్యూటరు తెరలును ఈ నాళము యొక్క సంతానమే. కాని ఆ పూత వెలిగిన కొలదియు కొంచెము కొంచెముగా క్షీణించును. బొమ్మ కదలుచుండినచో ఈ క్షీణత తెరయంతటను సమముగా పంచుకొనబడును. ఒకే అక్షరములు ఒకేచోట నెలల తరబడి నిలిచినచో ఆ చోటు మాత్రమే అరుగును. తరతరములుగా త్రొక్కిన గడప నడుమ గుంటపడినట్లు తెరపై అక్షరములు నాటుకొని, యంత్రము నార్పిన పిమ్మటకూడ నీడవలె కనబడుచుండును. లెక్కల పట్టికలో, అభ్యర్థన పత్రములో దినమంతయు ఒక్కరీతిగా చూపు కార్యాలయపు తెరలకు ఈ బాధ అధికము.

కంప్యూటరు మన నగరమునకు వచ్చిన తొలిదినములలో ఈ బాధ లేదు. ఏలయన నేటివలె ఎదుట వెలుగు తెరయే లేదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థకు ఇంగ్లండు నుండి హెచ్.ఇ.సి.-2ఎమ్ అను గణనయంత్రము 1955లో చేరి, మరుసటి సంవత్సరమున పని ప్రారంభించెను. మన దేశమున నెలకొల్పబడిన తొలి డిజిటల్ కంప్యూటరుగా దానిని చెప్పుదురు. 1958లో సోవియట్ దేశము నుండి ఉరాల్ యంత్రము వచ్చెను. 1966లో ఆ సంస్థయు, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమును కలిసి ట్రాన్సిస్టరులతో ఐ.ఎస్.ఐ.జె.యు.-1 అను యంత్రమును స్వయముగా నిర్మించినవి. ఆ దినములలో ఆ సంస్థకు వన్నె తెచ్చినవారిలో మన కల్యంపూడి రాధాకృష్ణారావుగా రొకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి 1941లో కలకత్తా చేరిన ఆయన నాలుగు దశాబ్దుల కాలము ఆ సంస్థలోనే పనిచేసి, 2023లో, నూట రెండేండ్లు నిండిన వయస్సున, పరమపదించిరి. ఆ తరమువారు యంత్రము నడిగిన ప్రశ్నలును, అది యిచ్చిన జవాబులును కాగితమునకు సంబంధించినవే. ఫాస్ఫరు తెర మన నగరపు గృహములలో వెలుగుట 1975వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన కలకత్తా దూరదర్శన కేంద్రము ప్రారంభమైన తరువాతి మాట. కార్యాలయపు బల్లలపైకి అది వచ్చుటకు మరికొంత కాలము పట్టినది.

1981లో ఐ.బి.ఎం. వారి వ్యక్తిగత కంప్యూటరు వెలువడెను. దానితో తెర యెదుట కూర్చుండు మనుష్యుల సంఖ్యయు, తెరలపై మచ్చల సంఖ్యయు పెరిగెను. 1983 డిసెంబరు నాటి సాఫ్ట్‌టాక్ పత్రికలో జాన్ సోచా అను అమెరికా దేశీయుడు ఒక చిన్న ప్రోగ్రామును ప్రకటించెను. మూడు నిమిషములపాటు ఎవరును మీట నొక్కనిచో అది తెరను పూర్తిగా నల్లగా చేయును. మీట తగిలిన వెంటనే మరల బొమ్మ చూపును. అంతకంటె అది చేయునది లేదు. ఐ.బి.ఎం. వారి వ్యక్తిగత కంప్యూటరుకు తొలి స్క్రీన్ సేవర్‌గా దానిని చెప్పుదురు. పాఠకమహాశయులు ఈ సంగతి నొకదానిని జ్ఞాపకముంచుకొనవలెను: మొట్టమొదటి కావలివాడు చేసిన పని చీకటి చేయుట మాత్రమే.

కాని నల్లనితెర ఎవరికి రుచించును? యంత్రము ఆగిపోయినదేమో యను భయము కూడ కలుగును. బొమ్మ కదలుచుండినను తెర అరగదు గదా యని కొందరు తలచిరి. 1989లో బర్కిలీ సిస్టమ్స్ వారు ఆఫ్టర్ డార్క్ అను ప్రోగ్రామును వెలువరించిరి. రొట్టెలు కాల్చు యంత్రములు రెక్కలు తొడుగుకొని తెరపై ఎగురుచుండగా జనులు పని మాని చూచిరి. 1992లో వచ్చిన విండోస్ 3.1 నందు ఇట్టి బొమ్మలు యంత్రముతోపాటే లభించినవి. 1994లో విండోస్ ఎన్.టి. 3.5 తో మా పొరుగువారి యింట కనబడిన రంగు గొట్టములు అవతరించినవి. పొడవు, వెడల్పులతోపాటు లోతు కూడ కనబడునట్లు చిత్రించుటకు ఓపెన్ జి.ఎల్. అను క్రొత్త పద్ధతి అప్పుడే అమరినది. దాని శక్తిని లోకమునకు చూపుటకు ఆ గొట్టములు ఉదాహరణములైనవి. ఆ విధముగా కాపలాకై నియమింపబడినవాడు నాట్యము నేర్చెను. ఆ నాట్యమున కొంత సద్వినియోగమును కలిగినది. 1999 మే నెలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు సెటి ఎట్ హోమ్ అను స్క్రీన్ సేవర్ ద్వారా, ఖాళీగా నున్న లక్షలాది గృహ కంప్యూటరుల చేత ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను పరిశీలింపజేసిరి. ఆ పంపిణీ 2020 మార్చి 31న ఆగినది.

ఇంతలో తెరయే మారిపోయెను. ఒడిలో పెట్టుకొను యంత్రమున బరువైన గాజునాళము ఇముడదు. తొలి నోట్‌బుక్‌లకు రకరకముల తెరలు అమర్చిరి. 1986 నాటి తోషిబా టి3100 నందు నారింజరంగున వెలుగు ప్లాస్మా తెర యుండెను. దానికిని మచ్చపడు గుణము కలదు. తుదకు నిలిచినది ద్రవస్ఫటికపు తెర, అనగా ఎల్.సి.డి. ద్రవమువలె ప్రవహించుచు స్ఫటికమువలె క్రమముగా నిలుచు ఈ విచిత్ర పదార్థమును 1888లో ఆస్ట్రియా దేశీయుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ గుర్తించెను. దానితో బొమ్మ చూపవచ్చునని అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థవారు 1968లో నిరూపించిరి.

ఈ ఘట్టమున మన నగరమునకు మరల ఒక సంబంధము కలదు. ఇందు ప్రభుత్వోద్యోగులమైన మనము గర్వింపదగిన అంశము కూడ నున్నది. విశాఖపట్టణమున బాల్యవిద్య నేర్చిన చంద్రశేఖర వెంకటరామన్ 1907లో కేంద్రప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చిరి. పగలు కార్యాలయమున లెక్కలు చూచుచు, ఉదయసాయంకాలములు బౌబజారు వీథిలోని భారత విజ్ఞానాభివర్ధక సంఘమున పరిశోధనలు చేయుచుండిరి. కాంతిని గూర్చి ఆయన వెలిగించిన జిజ్ఞాస ఆ కుటుంబమున ఆరలేదు. 1930లో కలకత్తాలోనే జన్మించిన ఆయన మేనల్లుడు శివరామకృష్ణ చంద్రశేఖర్ బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమున ద్రవస్ఫటికములపై కృషిచేసిరి. పళ్ళెములవలె బల్లపరుపుగా నుండు అణువులు కూడ ద్రవస్ఫటికములు కాగలవని 1977లో ఆయనయు, ఆయన సహచరులును కనుగొనిరి. తెరను ప్రక్కనుండి చూచినను బొమ్మ చెడకుండ చేయు పలుచని పొరలలో ఆ జాతి పదార్థము తరువాతి కాలమున వినియోగమునకు వచ్చినది.

ద్రవస్ఫటికము స్వయముగా వెలుగదు. తెర వెనుక ఒక దీపముండును. పాత నోట్‌బుక్‌లలో అది పెన్సిలుకంటె సన్నని ఫ్లోరసెంటు గొట్టము. స్ఫటికములు కిటికీ రెక్కలవలె తిరిగి ఆ వెలుతురును పోనిచ్చుటయో, ఆపుటయో చేయును. కావున అక్షరము ఎంతసేపు నిలిచినను అరుగుటకు అచ్చట ఫాస్ఫరు పూత లేదు. ఒకే బొమ్మ దినములకొలది నిలిచినచో కొంత నీడ మిగులవచ్చును గాని, తెరను కొన్ని గంటలు ఆర్పియుంచిన అది సామాన్యముగా తొలగిపోవును. అరుగునది వెనుకనున్న దీపము. స్క్రీన్ సేవర్ ఆడుచున్నంతసేపు ఆ దీపము వెలుగుచునే యుండును, బ్యాటరీ ఖర్చగుచునే యుండును. గొట్టములను చిత్రించు చిప్పు వేడెక్కుచునే యుండును. దేనిని కాపాడుటకై వచ్చెనో దానినే కావలివాడు అరగదీయుచున్నాడన్నమాట. తెరను తనంతట తానే ఆరిపోజేయు ఏర్పాట్లు 1990 దశకముననే వచ్చినవి. విద్యుత్తును పొదుపుచేయు కంప్యూటరులకు అమెరికా ప్రభుత్వము ఎనర్జీ స్టార్ గుర్తు నిచ్చుట 1992లో మొదలయ్యెను. యంత్రభాగముల నిద్రను, మెలకువను నియమించు ఎ.సి.పి.ఐ. అను కట్టడి 1996 డిసెంబరులో వెలువడెను. సోచా చేసిన చీకటియే ఈ విధముగా మరల సరియైన మార్గమైనది. ఐనను కారణము గతించినను రద్దుకాని పాత ఉత్తర్వువలె స్క్రీన్ సేవర్ మాత్రము యంత్రములలో నిలిచియున్నది. అట్టి ఉత్తర్వులు మన దస్త్రములలో ఎన్ని గలవో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మా పొరుగువారి యంత్రము. దానియందున్నది 2001 నాటి విండోస్ ఎక్స్.పి. మొదట చేసిన పని చిత్రములను, కాగితములను వెలుపలి డిస్కులోనికి నకలు తీయుట. ఏ చికిత్సకైనను ఇదియే ప్రథమ కర్తవ్యము. పిమ్మట తెరపై ఖాళీస్థలమున మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్ అను దానిలో స్క్రీన్ సేవర్ పుట తెరచి, గొట్టముల స్థానమున బ్లాంక్ అను నల్లతెరను ఎంచితిని. అరగంట వేచితిమి. యంత్రము నిలిచిపోలేదు. మరల గొట్టములను ఎంచగా కొలది నిమిషములలో నిలిచిపోయెను. ఈ పరీక్ష వలన తేలిన దేమి? నల్లతెరతో కూడ నిలిచిపోయినచో నిద్ర ఏర్పాట్లనో, యంత్రభాగములనో అనుమానింపవలెను. గొట్టములతో మాత్రమే నిలిచినది గనుక దోషము ఆ చిత్రించు పనిలో నున్నది: పాతబడిన గ్రాఫిక్స్ డ్రైవరైనను కావచ్చును, వేడియైనను కావచ్చును. అడుగుభాగపు మూత విప్పిచూడగా పంకా ద్వారమున దుమ్ము దూదివలె పేరుకొని యుండెను. మెత్తని కుంచెతో దానిని తీసివేసి, స్క్రీన్ సేవరును పూర్తిగా మాని, ఐదు నిమిషములకు తెర ఆరిపోవునట్లు పవర్ ఆప్షన్స్ నందు ఏర్పరచితిని. మదర్ బోర్డుకు ఏ వ్యాధియు లేదు.

ఇట్టి పాత యంత్రములు మన యిండ్లలో ఇంకను కొన్ని గలవు గనుక తక్కిన వ్యాధులనుగూడ క్రమముగా చెప్పుదును. స్క్రీన్ సేవరుగాని, తెర ఆరుటగాని ఎన్నడును జరుగనిచో యంత్రము తన యెదుట ఎవరో యున్నారని భ్రమపడుచున్నదన్నమాట. నునుపైన బల్లపై నున్న ఆప్టికల్ మౌసు ఎవరును ముట్టకున్నను స్వల్పముగా కదలుచున్నట్లు సంకేతము లంపవచ్చును. దానిని ఊడదీసి చూడుడు. లేదా క్రింద ఒక కాగితము వేయుడు. చలనచిత్రము నడచుచున్నప్పుడును తెర ఆరకపోవచ్చును. విస్టా, విండోస్ 7 గల కొన్ని నోట్‌బుక్‌లలో ఉపన్యాస సమయమునకై పెట్టిన ప్రెజెంటేషన్ ఏర్పాటును తీయుట మరచినను ఇట్లే యగును.

నల్లబడిన తెర మరల వెలుగనిచో భయపడవలదు. చీకటిగదిలో ఒక టార్చిదీపమును తెరపై ఏటవాలుగా వేసి చూడుడు. లీలగా బొమ్మ కనబడినచో యంత్రము సజీవముగనే యున్నది. ఆరినది వెనుక దీపమో, దానికి విద్యుత్తు నందించు ఇన్వర్టరో, లేక మూత మూసినట్లు తెలుపు చిన్న స్విచ్చియో కావచ్చును. వేరొక మానిటరును తగిలించి చూచినచో ఈ సంగతి రూఢియగును, లోపలి కాగితములను కూడ దక్కించుకొనవచ్చును. చాందినీ చౌకు బజారులో పాత విడిభాగములు వెదకువారికి ఈ చిన్న పరీక్ష అనేక వందల రూపాయలు మిగుల్చును.

స్క్రీన్ సేవర్ తొలగగానే సంకేతపదము అడుగుచున్నచో అది క్రొత్త పదము కాదు. మీరు యంత్రమును తెరచునప్పుడు వాడు పదమే. కార్యాలయపు యంత్రములో ఈ ఏర్పాట్లు మార్చుటకు వీలులేక మసకగా కనబడినచో అది వ్యాధికాదు, నిర్వాహకుల కట్టుబాటు. దానితో పోరాడవలదు. బల్లవద్ద లేనప్పుడు పరులు దస్త్రములు చూడకుండ తాళము వేయుట కావలివానికి ఈనాడు మిగిలిన ముఖ్యమైన ఉద్యోగము. ఆ పని ఇప్పటికిని విలువైనదే. చివరిమాట: స్క్రీన్ సేవర్ బొమ్మ కాదు. దాని పేరు చివర ఎస్.సి.ఆర్. అని యున్నను అది సాక్షాత్తు ఒక ప్రోగ్రామే. అందమైన జలపాతమని ఎవరో పంపిన దానిని తెరచినచో దానివెంట ఏ వైరసు వచ్చునో తెలియదు. ఎక్స్.పి. కి మైక్రోసాఫ్ట్ వారి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగినవి గనుక అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు దూరముగా నుంచుట క్షేమము.

చరిత్ర ఒకేదారిన పోదు. ఇప్పటి కొన్ని నోట్‌బుక్‌లకును, చేతి ఫోనులకును వచ్చిన ఓ.ఎల్.ఇ.డి. తెరలలో ప్రతి చుక్కయు స్వయముగా వెలుగును. వెలిగిన కొలదియు క్షీణించును. గాజునాళము నాటి మచ్చలు ఈ క్రొత్త తెరలపై మరల కనబడుచున్నవి. కావలివాని అవసరము మరల కలిగినది గాని అతడు ఆడనక్కరలేదు, దీపమార్పిన చాలును.

మా పొరుగువారు యంత్రమును తీసికొనిపోవుటకు వచ్చిననాడు ఆ నాలుగు నిమిషముల చలనచిత్రమును అచ్చటనే చూచిరి. ఆమె మాట ముగిసినది. మేమెవరమును లేవలేదు, మీట నొక్కలేదు. ఐదు నిమిషములకు తెర తనంతట తానే నల్లబడెను. వారొక్కసారి ఉలికిపడిరి. "పోయిందా బాబూ?" అనిరి. "లేదు బాబాయిగారూ, నిద్రపోయింది. ముట్టుకోండి, లేస్తుంది" అంటిని. వారు వ్రేలితో మెల్లగా తాకిరి. తెర వెలిగెను.